దీవెనకు రోజుకు అరగంట: ఖమ్మం నుంచి అడవి అంచు ఊరిదాకా

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. ఖమ్మంలో ఆటిజం ఉన్న పిల్లలకు మాట, ఆట, చదువు నేర్పే ఒక చిన్న కేంద్రంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పోయిన వానాకాలంలో ఒక దాత పన్నెండు ట్యాబ్‌లు ఇస్తే, మాట రాని పన్నెండు మంది పిల్లలకు పంచాం. అవి కార్టూన్లు చూసుకునే ట్యాబ్‌లు కావు. తెర మీద రెండు పేజీల్లో నలభై బొమ్మలుంటాయి. అన్నం బొమ్మ ముట్టుకుంటే ‘అన్నం’ అని పలుకుతుంది, తలుపు బొమ్మ ముట్టుకుంటే ‘బయటికి’ అంటుంది. నోరు పలకని పిల్ల వేలితో మాట్లాడుతుందన్నమాట. ఏ బొమ్మను ఎప్పుడు ముట్టుకున్నదీ ట్యాబ్ తనలో రాసిపెట్టుకుని, సిగ్నల్ దొరికినప్పుడు మా ఆఫీసుకు పంపుతుంది. ఫిబ్రవరిలో అన్ని నెలల లెక్కా కలిపి చూస్తే పదకొండు మంది పిల్లలు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా దాన్ని వాడుతున్నారు. దీవెన అనే తొమ్మిదేళ్ల పిల్ల మాత్రం రోజుకు అరగంట వాడుతోంది. ఆరు నెలలుగా అరగంటే.

మా దగ్గర ట్యాబ్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఇంకా ఏడుగురున్నారు. వాడని ఇంటి నుంచి తెచ్చి వాడేవాళ్లకు ఇద్దామని మీటింగులో అనుకున్నాం. దీవెన వాళ్లది చండ్రుగొండ దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఊరు. తల్లి ఎస్తేరు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, తండ్రి ఆయిల్‌పామ్ గెలలు లారీలకెక్కించే కూలికి పోతాడు. అంత విలువైన వస్తువును అల్మారాలో దాచి, చుట్టాలొస్తే చూపించుకుంటున్నారని నేనే తేల్చేశాను. ‘గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన’ అని అందరి ముందు అన్నాను కూడా. ఆ మాట నేనే అన్నానని ఇక్కడే ఒప్పుకోవడం మంచిది. ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చూసి రావాలనుకునే టీచర్లు, థెరపిస్టులు ఈ దారిన వస్తే పనికొస్తుందని మిగతాది రాస్తున్నాను.

రెండో శనివారం బడికి సెలవు కాబట్టి ఎస్తేరు ఇంట్లో ఉంటుందని ఆ రోజు ఎంచుకున్నాను. పొద్దున ఆరూ నలభైకి ఖమ్మం బస్టాండులో ఏన్కూరు మీదుగా పోయే బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టే, కానీ ఆధార్ కార్డు అసలుది చూపించాలి. ఫోనులో ఫొటో చూపిస్తే కండక్టరు మొహం అదోలా పెడతాడు. ఎడమ పక్క కిటికీ సీటు దొరికింది. మిరప కోతలు సాగుతున్న రోజులు. రోడ్డు పక్కన కల్లాల్లో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది, ఘాటుకు బస్సులో సగం మంది తుమ్ముతున్నారు. దీవెన ఫైలు ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి పేజీలో నిమిషాల లెక్క, కింద చిన్న గ్రాఫు ఉన్నాయి. గ్రాఫు గీత నేలబారుగా ఉంది. ఎస్తేరును ఏమని కడిగేయాలో మనసులో మాటలు పేర్చుకుంటూ, కిటికీ బయటికి చూస్తూ, గంటన్నరలో ఏన్కూరు చేరాను.

అక్కడ సెంటర్లో ఇడ్లీ తిన్నాను. ముప్పై రూపాయలకు నాలుగు, అల్లం చట్నీ బాగుంది. చండ్రుగొండ వైపు షేర్ ఆటోలు ఉంటాయి గానీ నిండేదాకా కదలవు. పైగా లోపలి ఊరికి పోవు. అందుకని ఒక ఆటోను రానూ పోనూ మాట్లాడుకున్నాను. నడిపేది ఖాసిం అని యాభై దాటిన మనిషి. ఏడు వందలు అడిగి ఆరు వందలకు దిగాడు. పక్క ఊళ్ల పెళ్లిళ్లకు, దవాఖానాలకు ఆయన బండే పోతుందట, అందుకని అందరి ఇళ్లూ తెలుసు. ఎవరింటికని అడిగితే చెప్పాను. ఆయన అద్దంలో నా వైపు చూశాడు.

“ఎస్తేరమ్మ బిడ్డనా? మొన్నటిదాక ఒకటే చెవు మీద గుద్దుకుంటుండె మేడమ్. దవాఖానకు పోదాం రా అమ్మా, కిరాయి తర్వాత చూస్కుందామన్న. ఖమ్మం మేడమ్ అవసరం లేదన్నదని రాలె.”

ఆ ఖమ్మం మేడమ్‌ను నేనే. డిసెంబరులో ఎస్తేరు ఫోన్ చేసింది. పిల్ల ఎడమ చెవి మీద పిడికిలితో కొట్టుకుంటోంది, ఏం చెయ్యమంటారని అడిగింది. నేనప్పుడు ఏదో మీటింగు మధ్యలో ఉన్నాను. ఆటిజం పిల్లల్లో ఇది మామూలే, మన దృష్టి కోసం చేస్తారు, పట్టించుకుంటే ఇంకా పెరుగుతుంది, మొహం పక్కకు తిప్పుకో అని చెప్పి పెట్టేశాను. పుస్తకాల్లో ఆ పద్ధతి ఉంది. ముందు ఒంట్లో నొప్పేమీ లేదని డాక్టరుతో తేల్చుకున్నాకే ఆ పద్ధతి వాడాలన్న మాట కూడా అదే పుస్తకాల్లో ఉంది. ఆ ముక్క ఫోన్లో చెప్పలేదు. ఖాసింకు మాత్రం ఆటోలో పావుగంట పాఠం చెప్పాను, ప్రవర్తన అనీ, కారణం అనీ. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“ఏమో మేడమ్, నాకు చదువు లేదు,” అన్నాడు చివరికి. “నా బండి ఏడ చప్పుడు జేస్తె నేనైతె ఆడనే ఇప్పి చూస్త.”

నాకు కోపం వచ్చింది. ఆటో నడిపేవాడు నాకు పని నేర్పడమేమిటని అనిపించింది. తారు రోడ్డు అయిపోయి ఎర్రమట్టి బాట మొదలైంది. రెండు పక్కలా జామాయిల్ తోటలు, అవి దాటాక టేకు చెట్లు. ఫిబ్రవరిలో ఆకు రాలి అడవి పలచగా ఉంటుంది, ఎండ నేరుగా నెత్తి మీదే పడుతుంది. టోపీ తెచ్చుకోవాల్సింది. పది దాటుతుండగా ఊరు చేరాం.

ఎస్తేరు వాకిట్లోకి ఎదురొచ్చింది. చేతులు తుడుచుకుని, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. దీవెన గడప మీద కూర్చుని చింతగింజలు వరసగా పేరుస్తోంది. నా వైపు చూడలేదు, అది ఆ పిల్ల తీరే. నేను ఉపోద్ఘాతం లేకుండా ట్యాబ్ ఏదని అడిగాను. ఎస్తేరు స్టూలు వేసుకుని ఎక్కింది. గోడకున్న పై చెక్క మీద బైబిలు పక్కన, ఉతికిన తెల్ల గుడ్డలో చుట్టి ఉంది ట్యాబ్. గీత పడలేదు, మరక లేదు, చార్జింగ్ నిండుగా ఉంది. ఆ చెక్క కింద గోడకు అన్నం మెతుకులతో అతికించిన కాగితం ఒకటి కనిపించింది. దగ్గరికి వెళ్లి చదివాను. అందులో మూడో అంశం కింద ఎర్ర గీత గీసి ఉంది. ‘రోజుకు అరగంటకు మించి స్క్రీన్ చూపించరాదు.’ అడుగున నా సంతకం.

అది ఫోన్లకు అలవాటు పడిన పిల్లల తల్లిదండ్రుల కోసం ఎప్పుడో రాసిన కాగితం. ట్యాబ్‌లు పంచిన రోజు టేబుల్ మీద ఆ జిరాక్సుల కట్ట ఉంటే, తలా ఒకటి ఇచ్చేయమని నేనే అన్నాను. మిగతా పదకొండు మంది ఖమ్మం టౌను వాళ్లు. కాగితాన్ని మడిచి సంచిలో పడేసుకుని ఉంటారు, చదివి కూడా ఉండరు. నేను రాసింది రాసినట్టు పాటించిన తల్లి ఈమె ఒక్కతే.

“మీరు రాసిచ్చిన్రు గద మేడమ్,” అంది ఎస్తేరు, నా మొహం చూసి భయపడుతూ. “ఆరింటికి ఫోన్ల అలారం మోగంగనే మొహం కడిగి కూసోబెడ్త. ఆరున్నరకు మల్ల మోగంగనే తీసి పైన పెడ్త. ఒక్క దినం గూడ దాటనియ్యలె.”

మరి మిగతా రోజంతా పిల్లకు ఏం కావాలో ఎలా చెబుతుందని అడిగాను. ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు.

“అది చెప్పుడేంది మేడమ్? అండ్ల మాట్లాడేది మీరు గద.”

ఆ నలభై మాటలకూ గొంతు నాది. గొంతు ఇవ్వడానికి ఎవరూ దొరకలేదని ఆఫీసులో ఒక మధ్యాహ్నం కూర్చుని, స్పష్టంగా, పాఠం చెప్పినట్టు నేనే రికార్డు చేశాను. ఎస్తేరు అది మేడమ్ క్లాసు అనుకుంది. ఖమ్మం నుంచి మేడమ్ రోజూ ఆరింటికి వాళ్ల బిడ్డకు అన్నం, నీళ్లు, కాలు, చెయ్యి నేర్పుతోందని అనుకుంది. అందుకే క్లాసు జరుగుతుంటే పొయ్యి దగ్గరికి కూడా పోకుండా చేతులు కట్టుకుని పక్కన కూర్చునేదట. ట్యాబ్ ఇచ్చిన రోజు నేను ఇంకొక మాట చెప్పాను. పిల్ల బొమ్మ ముట్టుకున్నప్పుడల్లా మెచ్చుకోండి, చప్పట్లు కొట్టండి అని. అదీ పాటించింది.

ఒకసారి ఎలా చేస్తుందో చూపించమన్నాను. వేళ కాని వేళ ట్యాబ్ కిందికి దిగినందుకు దీవెన తల్లి వైపు అనుమానంగా చూసింది, తర్వాత ఒళ్లో పెట్టుకుంది. వెతుక్కోలేదు. రెండో పేజీకి జరిపి ఒక బొమ్మ ముట్టుకుంది. ‘చెవి’ అంది నా గొంతు. మొదటి పేజీకి వచ్చి ఇంకొకటి ముట్టుకుంది. ‘నొప్పి’ అంది నా గొంతు. ఎస్తేరు చప్పట్లు కొట్టింది. శభాష్ బిడ్డా అంది. దీవెన నవ్వలేదు. మళ్లీ ‘చెవి’, మళ్లీ ‘నొప్పి’. ఎస్తేరు మళ్లీ చప్పట్లు కొట్టి, ఈ రెండు మాటలు బాగా వచ్చాయి మేడమ్, రోజూ ఇవే చెబుతుంది అంది, గర్వంగా.

నేను సంచిలోంచి ఫైలు తీసి రెండో పేజీ తిప్పాను. నిమిషాలు కాదు, మాటలు ఉన్న పేజీ. క్రిస్మస్‌కు రెండు వారాల ముందు మొదలైంది. సాయంత్రం ఆరు దాటగానే చెవి, నొప్పి. చెవి, నొప్పి. మధ్యలో కొన్ని రోజులు అన్నం, బయటికి, ఉయ్యాల. మళ్లీ చెవి, నొప్పి. ఒక రోజు పదిహేడు సార్లు ఉంది. ప్రతిరోజూ ఆరున్నరకు మాటలు ఆగిపోయాయి. రెండు నెలలుగా ఈ కాగితాలు నా టేబుల్ మీదికి వస్తున్నాయి, నేను నిమిషాలు కూడుకుని గ్రాఫు గీయించాను. గాడిద ఎవరో పదిన్నరకల్లా తేలిపోయింది.

ఎస్తేరుకు చెప్పక తప్పదు. పక్కన కూర్చుని, అందులో మాట్లాడింది నేను కాదని, గొంతు మాత్రమే నాదని, మాట దీవెనదని చెప్పాను. చెవి నొప్పిగా ఉందని నీకు రోజూ చెబుతోందని చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది.

“అంటె నేను సప్పట్లు కొట్టిన్నా మేడమ్?” అంది.

తప్పు నాది అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే అసహ్యం వేసింది. పిల్ల కొట్టుకున్నప్పుడు మొదట్లో వెచ్చటి గుడ్డ కాపడం పెట్టేదాన్నని, మీరు ఫోన్లో చెప్పాక అదీ మానేశానని ఎస్తేరు చెప్పింది. మొహం తిప్పుకోవడం చేతకాక పెరట్లోకి వెళ్లి నిలబడేదట. రెండు రోజుల నుంచి కొట్టుకోవడం తగ్గింది, అంటే మీ పద్ధతి పనిచేసిందనే అనుకున్నానంది. దిండు మాత్రం తడిగా ఉంటోందట. పిల్ల జుట్టు పక్కకు తీసి చూశాను. చెవి కింద మెడ దాకా పసుపుపచ్చగా ఎండిన చార ఉంది, వాసన వస్తోంది.

దవాఖానకు పోవాలని ఖాసింకు చెప్పాను. బండి తిప్పి సిద్ధంగా పెట్టాడు. దవాఖానలో శనివారం మధ్యాహ్నం చెవి డాక్టరు ఉండరేమోనని కొత్తగూడెంలో ఒక ప్రైవేటు డాక్టరుకు ఫోన్ చేస్తే సాయంత్రం ఐదింటికి రమ్మన్నారు. ఎస్తేరు అన్నం వండి నాకూ ఖాసింకూ పెట్టింది. పప్పు, ఎండు చేప, పచ్చి పులుసు. ట్యాబ్‌కు ఒక ఓణీ ముక్క కట్టి దీవెన మెడలో తగిలించాను. రోజంతా నీ దగ్గరే అని చెప్పాను. అప్పుడు కూడా నేనే చెప్పాను, చూడండి. మూడున్నరకు బయలుదేరితే ఐదుకు ముందే కొత్తగూడెంలో ఉన్నాం. దారిలో బాట గతుకులు, బొగ్గు లారీలు. పిల్లతో వెళ్లేవాళ్లు గంటన్నర వేసుకోండి. ఆటోలో దీవెన ‘బయటికి’ అని తొమ్మిదిసార్లు అంది. ప్రతిసారీ ఎస్తేరు “అవ్ బిడ్డా, బయటికే పోతున్నం” అని జవాబిచ్చింది. చప్పట్లు కొట్టడం మానేసింది.

క్లినిక్‌లో మా ముందు పదిమంది ఉన్నారు. ఆరింటికి ఎస్తేరు ఫోనులో అలారం మోగితే దీవెన లేచి నిలబడింది. ట్యాబ్ అప్పటికే మెడలో ఉండేసరికి ఏం చెయ్యాలో తోచక మళ్లీ కూర్చుంది. ఆరుంబావుకు లోపలికి పిలిచారు. డాక్టరమ్మ దీపం పెట్టి చూస్తున్నంతసేపూ పిల్ల కదలకుండా కూర్చుంది. ఇంత నెమ్మదైన పిల్లను చూడలేదు అన్నారావిడ. కర్ణభేరికి చిల్లు పడిందట. లోపల నిండిన చీము రెండు రోజుల కింద పగిలి బయటికి వచ్చిందని, అందుకే నొప్పి తగ్గి కొట్టుకోవడం ఆపి ఉంటుందని చెప్పారు. నా పద్ధతి పనిచేసింది అందుకన్నమాట. మందులు రాసి, ఆరు వారాల తర్వాత వినికిడి పరీక్ష చేద్దామన్నారు. చిల్లు దానంతటదే పూడుకోవచ్చు, పూడుకోకపోవచ్చు.

“నొప్పి అని ఎప్పట్నుంచి చెప్తుంది పాప?” అని అడిగారు మందులు రాస్తూ.

ఎస్తేరు నా వైపు చూసింది. క్రిస్మస్‌కు ముందు నుంచి అన్నాను. ఆవిడ పెన్ను ఆపి ఎస్తేరును చూశారు, తల్లులను ఇలాంటప్పుడు ఎలా చూస్తారో అలాగే. ఎస్తేరు తల దించుకుంది. ఆ చూపు నాకు రావలసింది అని చెప్పాను. కానీ అప్పటికే ఆవిడ కాగితంలోకి వెళ్లిపోయారు, నా మాట విన్నారో లేదో తెలియదు.

బయటికొచ్చి మందులు కొంటున్నప్పుడు ఆరున్నర అయింది. ఎస్తేరు ఫోనులో అలారం మళ్లీ మోగింది. దీవెన మెడలోంచి ఓణీ ముక్క తనే తీసింది. తెర ఆపేసింది. ట్యాబ్‌ను రెండు చేతులతో పట్టుకుని తెచ్చి, తల్లికి కాదు, నాకు ఇచ్చింది. నేను తిరిగి మెడలో వేయబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. మూడుసార్లు ప్రయత్నించాను. ఎస్తేరు అలారం ఎలా తీసేయాలో తెలియక ఫోన్ ఖాసింకు ఇచ్చింది. ఆయన చీకటి పడుతున్న రోడ్డు మీద కళ్లద్దాలు పెట్టుకుని ఆ మీటలు ఒక్కొక్కటే నొక్కుతూ నిలబడ్డాడు.

ట్యాబ్ వెనక్కి తీసుకోలేదు. ఎస్తేరు చేతికిచ్చి, గోడ మీది కాగితం చింపెయ్యమని చెప్పి, వాళ్లను ఖాసిం ఆటోలో ఊరికి పంపి, ఏడున్నరకు ఖమ్మం బస్సు ఎక్కాను. ఆ రోజు నుంచి నన్ను వదలనిది ఒకటే. మాట రాని పిల్లకు మాట ఇచ్చామని మేం ఫొటోలు దిగాం. ఆ పిల్ల మాట నేర్చుకుంది, వాడింది, చెప్పాల్సింది సరిగ్గా చెప్పింది. ఆమె చెయ్యాల్సిన పనిలో ఒక్క లోపం లేదు. తల్లి కూడా చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇద్దరూ నా మాట విన్నారు. నేను ఇద్దరి మాటా వినలేదు. పద్దెనిమిదేళ్ల అనుభవం అని కార్డు మీద వేసుకున్నది ఈ పనికే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు నలభై మాటలూ ఎస్తేరు గొంతుతో మళ్లీ రికార్డు చేయిస్తున్నాం. వినికిడి పరీక్షకు ఇంకా మూడు వారాలున్నాయి. దీవెన ఇప్పటికీ సాయంత్రం అయ్యేసరికి ట్యాబ్ తీసి తల్లి చేతిలో పెడుతోందట, అలారం లేకపోయినా.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క సలహా. ఆరూ నలభై బస్సే ఎక్కండి, ఎండ ముదరకముందే ఊరు చేరతారు. ఖమ్మం నుంచి ఏన్కూరుకు గంటన్నర, చేతిలో వేరే పని ఉండదు. మీరు చూడబోయే పిల్ల ఆ నెలంతా ఏమేం మాట్లాడిందో ఆ గంటన్నరలో మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఆ రోజు ఆ కాగితాలు నా ఒళ్లోనే ఉన్నాయి. నేను మిరప కల్లాలు చూస్తూ కూర్చున్నాను.